కాటా బుల్లిరాజు చేతి తూకం

మా ఎదురింటి బుల్లిరాజు చేతిలో ఏ వస్తువు పెట్టినా బరువు చెప్పేస్తాడు. ఇది ఊరికే రాస్తున్న మాట కాదు. ముప్ఫై ఏళ్ళుగా పరీక్షిస్తున్నాను. గుమ్మడికాయ పెట్టాను, ఇస్త్రీ పెట్టె పెట్టాను, ఒకసారి మా ఆయన కళ్ళజోడు పెట్టాను. "ఇరవై ఎనిమిది గ్రాములండి అక్కగారూ" అన్నాడు. కంసాలి వీరబ్రహ్మం కొట్టుకి పట్టుకెళ్ళి తూయిస్తే ఇరవై ఎనిమిదే ఉంది. ఆ పూటంతా మా ఆయన గోడలు పట్టుకుని తిరిగారు. తిరిగితే తిరిగారు, విషయం తేలింది కదా.

అతని పని రొయ్యల చెరువుల దగ్గర కాటా వేయడం. మా ఊరు భీమవరానికి ఎనిమిది కిలోమీటర్లు. ఒకప్పటి వరిచేలల్లో సగానికి పైగా ఇప్పుడు చెరువులే. వలలు లాగి రొయ్యల్ని అమ్మకానికి తీసే రోజుని పట్టుబడి అంటారు. ఆ రోజు అమ్మే రైతుకి కొనేవాడి మీద నమ్మకం ఉండదు, కొనేవాడికి రైతు మీద ఉండదు. ఇద్దరూ నమ్మేది బుల్లిరాజునే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంటు. వంద తూగితే వంద కౌంటు, అంటే చిన్నవి. ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, పెద్దవి. బుల్లిరాజు గుప్పెడు రొయ్యలు తీసి, చెయ్యి ఒక్కసారి ఆడించి "నలభై రెండు" అంటాడు. మిషను మీద పోసి లెక్కపెడితే నలభై రెండే. మిషను పాడైన రోజున ఎక్కడా పట్టుబడి ఆగలేదు గానీ, బుల్లిరాజుకి జ్వరం వచ్చిన రోజున రెండు చెరువుల్లో ఆగిపోయింది.

అలాంటి మనిషికి ఏడో నెలలోనే మనవరాలు పుట్టింది. కూతురు లక్ష్మీదుర్గకి ఇంకా సీమంతం కూడా జరగలేదు. భీమవరం ఆసుపత్రిలో నర్సు పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి తాత చేతుల్లో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. బుల్లిరాజు చెయ్యి ఆడించలేదు. కళ్ళు మూసుకున్నాడు. "పద్నాలుగు వందల గ్రాములు" అని అక్కడే నేల మీద కూలబడ్డాడు. నర్సు కార్డులోనూ అదే రాసి ఉంది. పిల్లని నలభై రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఆ నలభై రోజులూ అతను ఏ చెరువు గట్టూ ఎక్కలేదు. అద్దం బయట నిలబడి, "ఈ రోజు ఇరవై గ్రాములు వేసిందండి అక్కగారూ" అని నాకు ఫోను చేసేవాడు. చెయ్యి తగలకుండా చూపుతోనే తూచేవాడు.

పిల్ల ఇల్లు చేరింది, హేమశ్రీ అని పేరు పెట్టారు, మొదటి ఆదివారమే శాంప్లింగు మొదలైంది. శాంప్లింగు అంటే, చెరువులో వారానికొకసారి విసురువల వేసి కొన్ని రొయ్యల్ని పట్టి తూస్తారు. తలా రెండు గ్రాములు పెరిగి ఉంటే రైతు మొహం వెలిగిపోతుంది. పెరగకపోతే మేత మారుస్తాడు, మందు మారుస్తాడు, బెల్లం పులియబెట్టి చెరువంతా చల్లుతాడు. బుల్లిరాజు కూడా ప్రతి ఆదివారం పొద్దున్నే అరుగు మీద నిలబడి, మనవరాలిని రెండు చేతులతో ఎత్తి, ఒక్కసారి ఆడించి బరువు ప్రకటించేవాడు. ఎదురింట్లో నేను క్యాలెండరు మీద రాసుకునేదాన్ని. నాకెందుకని అడగకండి. తెలుసుకోకుండా నేను ఉండలేను.

రెండేళ్ళు వచ్చినా పిల్ల పాలు తాగేది కాదు, పప్పన్నం పెడితే ఉమ్మేసేది. ఒక పెళ్ళిలో ఎవరో కూల్‌డ్రింకు మూతలో పోసి నాలిక్కి తగిలిస్తే పెదాలు నాక్కుని మళ్ళీ నోరు తెరిచింది. బుల్లిరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మేత ముట్టని రొయ్య బతకదండి అక్కగారూ. ఇది ముట్టింది. ఇంకేం భయం లేదు."

అంతే. ఆ రోజు నుంచి చెరువులో బెల్లం చల్లినట్టే పిల్లకి కూల్‌డ్రింకు. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చాక ఒకటి, అన్నంలోకి మంచినీళ్ళ బదులు ఇంకొకటి. అతనొక్కడినే అంటే అన్యాయం అవుతుంది. మా వైపు ఇంటికి వచ్చిన మనిషిని ఉత్త గొంతుతో పంపించరు. ఆ పిల్ల సాయంత్రం ఆడుకోవడానికి బయలుదేరితే అయిదు గుమ్మాలు ఎక్కేది, అయిదు గ్లాసులు తాగేది. ఆ అయిదింట్లో మొదటి గుమ్మం మాదే. కిరాణా కొట్టు సత్యప్రసాద్ అయితే పిల్లని దూరం నుంచి చూడగానే సీసా మూత తీసి ఉంచేవాడు.

తొమ్మిదో ఏడు నిండేసరికి నా క్యాలెండరు మీద యాభై రెండు కిలోలు పడింది. ఎత్తేటప్పుడు బుల్లిరాజు మెడనరాలు ఉబ్బేవి. అయినా దింపాక మీసం తిప్పేవాడు. "నా టెన్ కౌంటు!" అనేవాడు వీధంతా వినబడేలా. కిలోకి పదే తూగే రొయ్యని అతను జన్మలో రెండుసార్లే చూశాడట.

ఆ ఏడు బడిలో పిల్లలందరినీ తూచి, ఎత్తు కొలిచి, ఇంటికి కార్డులు పంపారు. కార్డు మీద కింద నుంచి పైకి పోయే గీతలు, వాటి మధ్య పిల్ల బరువుకి ఒక చుక్క. హేమశ్రీ చుక్క గీతల మధ్య లేదు. అన్నిటికన్నా పై గీతని దాటి కాగితం అంచు దగ్గర ఉంది. చెరువులకీ ఇలాంటి కాగితమే ఉంటుంది. అందులో పై గీత దాటిన రైతు ఊరందరికీ బిర్యానీ పెడతాడు. బుల్లిరాజు కార్డు పట్టుకుని వీధి మధ్యకి వచ్చాడు.

"అన్ని గీతలూ దాటేసిందండి! పద్నాలుగు వందల గ్రాముల పిల్లండి! బడి మొత్తానికి ఫస్టు!"

సత్యప్రసాద్ కొట్టు నుంచి రెండు క్రేట్ల కూల్‌డ్రింకులు దింపించి వీధివీధంతా పంచాడు. నేను రెండు తాగాను. బుల్లిరాజు భార్య వీరవేణి ఆ కార్డుకి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన మేకు కొట్టింది.

సాయంత్రం లక్ష్మీదుర్గ ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి వచ్చింది. మొగుడు హరిబాబు రొయ్యపిల్లల్ని మోసే సీడు లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటాడు కాబట్టి ఆమె పుట్టింట్లోనే ఉంటుంది. చెప్పులు విప్పకుండానే ఫ్రేము దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఇది మార్కుల కార్డు కాదు."

"మార్కులకన్నా గొప్పదే అమ్మా. మార్కులు ఎవరికైనా వస్తాయి."

"కింద ఏం రాశారో చదివావా? వెంటనే డాక్టరుకి చూపించమని రాశారు."

"చూపిద్దాం. చూసి ఆవిడా సంతోషిస్తుంది."

ఆటోలో ఒక మనిషికి చోటుందని నేనూ ఎక్కాను. డాక్టరు ప్రసన్నకుమారి గారు రక్తం పరీక్ష చేయించారు, స్కానింగు తీయించారు. లివరుకి కొవ్వు పట్టిందన్నారు. షుగరు అంచు మీద ఉందన్నారు. ఒక్క సీసా కూల్‌డ్రింకులో పన్నెండు చెంచాల పంచదార ఉంటుందన్నారు.

"మూడు నెలలు టైము ఇస్తున్నాను. కూల్‌డ్రింకులు పూర్తిగా మానాలి. రోజూ గంటసేపు ఒళ్ళు కదలాలి. ఈ చుక్క కిందికి దిగడం మొదలుపెట్టాలి. లేకపోతే ఈ వయసులోనే మందులు వాడాల్సి వస్తుంది."

బుల్లిరాజు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "పిల్ల పెరుగుతోందండి డాక్టరుగారూ. పెరగడం కూడా జబ్బేనాండి?"

"పెరగడం వేరు, బరువెక్కడం వేరండి."

"మా చెరువుల్లో రెండూ ఒకటేనండి."

"మీ రొయ్యని నాలుగు నెలలకి పట్టేస్తారు. ఈ పిల్ల ఎనభై ఏళ్ళు బతకాలి."

ఆ మాట అతనికి తగిలిందనే అనుకున్నాను. మా సందు మొదట్లో ఆటో ఆపించి సత్యప్రసాద్ కొట్టుకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చిన్న సీసా.

"సూది చూసి బెదిరిపోయిందండి పాపం" అని పిల్ల చేతిలో పెట్టాడు. లక్ష్మీదుర్గ అప్పుడు తండ్రిని చూసిన చూపు నేను రాయలేను.

తరువాతి ఆదివారం తెల్లారగట్ల ఉప్పుటేరు వైపు చెరువులో పట్టుబడి. పట్టుబడి అంటే నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళకుండా ఉండను, కూరకి నాలుగు రొయ్యలు వస్తాయి. సెలవని హేమశ్రీ కూడా వచ్చింది. గట్టు మీద కాటా సిద్ధమయ్యాక బుల్లిరాజుకి కళ్ళజోడు ఆటోలో మరచిపోయిన సంగతి గుర్తొచ్చింది. "టెన్ కౌంటూ, పరిగెత్తుకెళ్ళి తేవే" అన్నాడు. ఆటో గట్టు చివర ఉంది. మహా అయితే రెండువందల అడుగులు.

రాత్రంతా మబ్బు. పక్క చెరువులో ఎవరో "తేలాయండీ!" అని కేక పెట్టారు. మబ్బు పట్టిన తెల్లారగట్ల నీళ్ళలో గాలి చాలకపోతే రొయ్యలు పైకి తేలి అంచులకి చేరతాయి. రైతు గుండె ఆగిపోయేది అప్పుడే. మేత ఎక్కువేసిన చెరువులోనే ఇది ముందు జరుగుతుంది. తిన్నది తినగా మిగిలింది అడుగున కుళ్ళి, ఉన్న గాలి కూడా లాగేస్తుంది. బుల్లిరాజు ఆ నీళ్ళ వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే హేమశ్రీ కళ్ళజోడు పట్టుకుని వచ్చింది. మొహం కందిపోయింది. నోరు తెరుచుకుని ఉంది. "తాతా" అనబోయింది, మాట రాలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది.

బుల్లిరాజు నీళ్ళని చూశాడు. పిల్లని చూశాడు. మళ్ళీ నీళ్ళని చూశాడు.

"ఏరేటరు! ఏరేటరు వెయ్యండ్రా!"

నీళ్ళలో గాలి కొట్టే చక్రాలనే ఏరేటర్లంటారు. పనివాళ్ళు పరుగున వెళ్ళి స్విచ్చి వేశారు. చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరిగాయి.

"ఇంకోటి! ఇంకోటి కూడా వెయ్యండి!"

"అన్నీ తిరుగుతున్నాయండి బుల్లిరాజు గారూ."

"ఏం తిరుగుతున్నాయిరా! దాని నోరు చూడండి, ఇంకా ఎలా తెరుస్తోందో!"

అప్పుడు గానీ ఎవరికీ అర్థం కాలేదు. అతను చెరువు వైపు చూడటం లేదు. తలపాగా విప్పి మనవరాలికి రెండు చేతులా విసురుతున్నాడు. కొనేవాళ్ళు కాటా దగ్గర అరగంట నిలబడిపోయారు.

తేలిన చెరువుకి మొదటి వైద్యం మేత ఆపడం. ఆ మధ్యాహ్నమే మా సందు మొదట్లో బోర్డు వెలిసింది. తెల్ల రేకు మీద ఎర్ర రంగుతో: "ఈ వీధిలో మేత వేయరాదు. ఇట్లు, బుల్లిరాజు." పాలు పోసే లోవలక్ష్మి దాన్ని చదివి కొంగు బిగించుకుని దెబ్బలాటకి వచ్చింది. "మా గేదెలు నీకేం చేశాయి బాబూ? మీ సందులో నడిచి వెళ్ళడమే గానీ ఏ రోజైనా మేశాయా?" ఆవిడకి నచ్చజెప్పేసరికి పొద్దుగూకింది.

మర్నాడు అతను ఇంటింటికీ బయలుదేరాడు. చెరువులో తట్టలు వేలాడదీసి, వాటిలో మేత పెట్టి, రెండు గంటలాగి పైకి తీసి ఎంత మిగిలిందో చూస్తారు. వాటిని చెక్ ట్రేలంటారు. ఇప్పుడు మా వీధిలో ఫ్రిజ్‌లన్నీ అతనికి చెక్ ట్రేలయ్యాయి. తలుపు తీసి, సీసాలో కూల్‌డ్రింకు ఎంతవరకు ఉందో అక్కడ నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీసేవాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి చూసేవాడు. వంటింట్లో నేను ఏ పనిలో ఉన్నా "కొంచెం జరగండి అక్కగారూ" అని దూరిపోయేవాడు.

"పారబోసేస్తే పోలేదా తమ్ముడూ?" అన్నాను.

"చుట్టాలొస్తే మర్యాద తప్పుతారా మీరు? ఉండనివ్వండి. గీత దిగకుండా చూడండి చాలు."

పదిహేను రోజులు గీత దిగలేదు. బుల్లిరాజు మీసం మళ్ళీ లేచింది. పదహారో రోజు మా ఫ్రిజ్‌లోని రెండు లీటర్ల సీసాని గీత దగ్గర చూశాడు, సరిగ్గానే ఉంది. తలుపు వేయబోయి ఎందుకో ఆగి, సీసాని బయటికి తీసి చెయ్యి ఆడించాడు. అతని మొహం మారిపోయింది.

"నలభై గ్రాములు తగ్గిందండి."

"గీత దగ్గరే ఉంది కదయ్యా!"

"గీత ఉందండి. బరువు లేదు. ఇందులో సగం మంచినీళ్ళు."

గ్లాసులో పోసి రుచి చూశాను. ఉత్త రంగునీళ్ళు. నాకు తలెత్తబుద్ధి కాలేదు, ఎందుకంటే పెరటి తలుపు గడియ వేయనిది నేను. ఆ పిల్ల రోజూ వచ్చి గుక్కెడు తాగి, గీత వరకూ కుళాయి నీళ్ళు నింపి వెళ్ళేది. బుల్లిరాజు సీసా పట్టుకుని నిలబడిపోయాడు. ఆ పోయిన నలభై గ్రాములూ పంచదార బరువే కదా. అది ఎక్కడికి పోయిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంతలో పెరటి వైపు నుంచి దొంగ రానే వచ్చింది. తాతని చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎన్ని రోజుల నుంచే?" అన్నాడు.

పిల్ల తల వంచుకుని ఏడుస్తుందనుకున్నాం. తల ఎత్తి ఏడ్చింది.

"నేనేమైనా రొయ్యనా తాతా? మేతంటావు, బోర్డు పెడతావు, సీసాల మీద గీతలు గీస్తావు! బడిలో అందరూ నన్ను ఏమంటున్నారో తెలుసా? టెన్ కౌంటంటున్నారు! కబడ్డీలో ఎవ్వరూ నన్ను జట్టులోకి తీసుకోవడం లేదు. టెన్ కౌంటు పడితే కోర్టు పగిలిపోద్దంట!"

"ఆ పేరు వాళ్ళకెలా తెలిసింది?"

"ఆదివారం ఆదివారం నువ్వే కదా అరుస్తావు! నన్ను ఇంకెప్పుడూ ఎత్తకు. తూచకు."

బుల్లిరాజు సీసా నా బల్ల మీద పెట్టాడు. వీధిలోకి వెళ్ళి రేకు బోర్డు పీకి, చంకలో పెట్టుకుని ఇంట్లోకి పోయాడు. దేవుడి పటాల పక్కన ఫ్రేము కూడా తీసేశాడని వీరవేణి రాత్రి చెప్పింది. అన్నం తినలేదట.

మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పెద్ద గొంతుతో, ఎవరితోనూ కాదన్నట్టు, ఒక మాట అన్నాడు. "చెరువులో మేత తగ్గిస్తే అన్ని రొయ్యలకీ తగ్గిస్తారు. ఒక్కదానికి ఆపడం ఉండదు. నాదే తప్పు." ఆ రోజు నుంచి అతనూ మానేశాడు, వీరవేణీ మానేసింది. నేను మా సీసాని తూములో పోశాను. చుట్టాలొస్తే మజ్జిగ ఇస్తున్నాను. ఒకరిద్దరు మొహం ముడిచారు, ముడవనీ. సత్యప్రసాద్ గల్లా పక్కన కొబ్బరిబొండాలు పెట్టాడు. హేమశ్రీ పదిరోజులు తాతతో మాట్లాడలేదు. అతను మాత్రం రోజూ పొద్దున్నే ఆటో వదిలేసి, కాలవ గట్టు మీద చెరువు దాకా నడిచి వెళ్ళేవాడు. గుమ్మం ముందు చెప్పుల చప్పుడు చేసి, ఒక్క నిమిషం ఆగి, వెళ్ళేవాడు. పదకొండో రోజు చప్పుడుకి ఇంకో జత చెప్పులు తోడయ్యాయి. మొదట్లో పిల్ల నాలుగుసార్లు కూర్చునేది. కూర్చున్నప్పుడల్లా తాత కూడా ఏ ముల్లో గుచ్చుకున్నట్టు కూర్చునేవాడు. నాకెలా తెలుసంటారా? వెనకాలే నేనూ నడిచాను.

మూడు నెలలూ ఆదివారాలు నా క్యాలెండరు ఖాళీగా ఉంది. బుల్లిరాజు చేతులు ఊరికే ఉండలేక గుమ్మడికాయలు అడిగేవి.

గడువు రోజు మళ్ళీ అందరం భీమవరం వెళ్ళాం. డాక్టరు గారు తూచి, ఎత్తు కొలిచి, కార్డు మీద కొత్త చుక్క పెట్టారు. పిల్ల యాభై కిలోల మూడువందలు. రెండు సెంటీమీటర్లు పొడుగు సాగింది. చుక్క ఇంకా పై గీతకి పైనే ఉంది, కానీ దిగడం మొదలుపెట్టింది. షుగరు అంచు వదిలి వెనక్కి వచ్చింది. "మందులు వద్దు. ఇలాగే కానివ్వండి" అన్నారు. బుల్లిరాజు ఆ కార్డుని ఫ్రేము కట్టిస్తానంటాడేమోనని లక్ష్మీదుర్గ వెంటనే తన బ్యాగులో పెట్టేసుకుంది.

దారిలో చెరువు దగ్గర కాటా సర్దాల్సి ఉందని బుల్లిరాజు ఆటో ఆపించాడు. మిషను అప్పటికే గట్టు మీద ఉంది. హేమశ్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"తాతా, ఎక్కు."

"నన్నెందుకే తూయడం? నేనేమైనా అమ్ముడుపోతానా?"

"నేను మాత్రం అమ్ముడుపోతానా? తొమ్మిదేళ్ళు తూచావు."

ఆలోచిస్తే అదీ నిజమే. నలభై ఏళ్ళు ఊళ్ళో సరుకంతా తూచిన మనిషి తను ఒక్కసారీ కాటా ఎక్కగా మేము చూడలేదు. అతను చెప్పులు విప్పి ముందుకు నడిచాడు. "ఆగు, ముందు చేతి తూకం" అని పిల్ల తాత నడుము చుట్టూ రెండు చేతులూ వేసి లాగింది. మడమలు కూడా లేవలేదు. అయినా వదలలేదు. అతని కడుపుకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది.

"డెబ్బై ఎనిమిది."

బుల్లిరాజు కాటా ఎక్కాడు. ఎర్రంకెలు కొంచెం ఊగి ఆగాయి. ఎనభై ఒకటి. పిల్ల మొహం చిన్నబోయింది.

"పర్లేదే" అన్నాడు బుల్లిరాజు దిగుతూ. "మొదట్లో నాకూ మూడు కిలోలు తేడా వచ్చేది."